ప్రామాణిక వైమానికుడు

ఆ సర్క్యులర్ నోటీసు బోర్డు మీదికి ఎక్కిన కాసేపటికే మందార ఎయిర్‌వేస్ పైలట్ల గదిలో కాఫీలు చల్లారిపోయాయి. ఎవరూ తాగడం లేదు. అందరూ బోర్డు ముందు నిలబడి చదివిందే చదువుతున్నారు.

"సంస్థ ఇటీవల కొనుగోలు చేసిన డెబ్భై సీట్ల జెట్ విమానముల కాక్‌పిట్ అమరిక గురించియు, ల్యాండింగ్ సమయమున వాటి ప్రవర్తన గురించియు పైలట్లు తమ అభిప్రాయములను నిర్భయముగా తెలియజేయవలెను. నిర్భయముగా తెలియజేయని వారిపై చర్య తీసుకొనబడును."

"ఇది ఉచ్చు మేడమ్," అన్నాడు ఫస్ట్ ఆఫీసర్ జలంధర్. ఆరడుగుల పైచిలుకు మనిషి. ఆ జెట్ కాక్‌పిట్‌లో కూర్చుంటే అతనికీ అతని మోకాళ్లకీ మధ్య పెద్ద దూరం ఉండదు.

"ఉచ్చు కాదు, సెమినార్," అంది కెప్టెన్ నీరజ. "చైర్మన్ గారు పోయిన వారం ఏదో రిసార్టుకి వెళ్లొచ్చారు. వినే సంస్థే గెలిచే సంస్థ అని అక్కడెవరో చెప్పారట."

ఆమె అంచనా నిజమే. చైర్మన్ దండమూడి హరగోపాల్ గారు సెమినార్ల మనిషి. అంతకు ముందు సెమినార్ నుంచి వచ్చినప్పుడు, నిలబడి పనిచేస్తే చురుకుదనం పెరుగుతుందని హెడ్డాఫీసులో కుర్చీలన్నీ తీయించేశారు. చురుకుదనం సంగతేమో గానీ, అందరూ టాయిలెట్లో ఎక్కువ సేపు గడపడం మొదలుపెట్టాక కుర్చీలు తిరిగొచ్చాయి.

పైలట్లు భయపడుతూనే నిర్భయంగా రాశారు. సీటు వెనక్కి జరగడం లేదని జలంధర్ రాశాడు. ఎండ పడితే తెర మీద అంకెలు కనపడటం లేదని ఒకాయన, రాత్రిపూట ఆ అంకెలే కళ్లలో పొడుస్తున్నాయని ఇంకొకాయన రాశారు. రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్ద కెప్టెన్, పాత పంకా విమానమే బాగుందనీ, అసలు అన్నీ పాతవే బాగున్నాయనీ రెండు పేజీలు రాశాడు.

నీరజ ఐదడుగుల మనిషి. రెక్కల వెనక ఉండే ఫ్లాప్‌లని దించే లివర్ తన చేతికి దూరంగా ఉందని రాసింది. ల్యాండింగ్ గురించి ఇలా రాసింది:

"ఈ విమానం మొహమాటపడే చుట్టం లాంటిది. నేల దగ్గరకి వచ్చాక కూర్చోమని బతిమాలితే 'వద్దులెండి, వెళ్లొస్తాను' అంటూ గాల్లో తేలుతూ రన్‌వే చివరిదాకా పోతుంది. భుజం పట్టుకుని కూర్చోబెట్టాలి. అప్పుడు కాస్త కుదుపు ఉంటుంది. తడి రన్‌వే మీద ఆ కుదుపే మనల్ని కాపాడేది. టైర్లకి నేల దొరుకుతుంది."

ఈ అభిప్రాయాలన్నీ ఒక కట్టగా వెళ్లి వైస్ ప్రెసిడెంట్ (ఆపరేషన్స్) చక్రవర్తుల అనంతశయనం గారి బల్ల మీద పడ్డాయి. కథలో అసలు ప్రమాదం అక్కడ మొదలైంది.

*

అనంతశయనం గారు ఈ ఉద్యోగానికి ఒక సిమెంటు కంపెనీ నుంచి వచ్చారు. సిమెంటుకి అభిప్రాయాలు ఉండవు. అందువల్ల అక్కడ ఆయన ప్రయాణం సాఫీగా సాగింది. ఇక్కడ కట్ట మొత్తం చదివి, కళ్లజోడు తీసి, అభిప్రాయ సమన్వయ కమిటీని ఏర్పాటు చేశారు. దానికి తానే అధ్యక్షుడు.

మొదట విమానం తయారుచేసిన విదేశీ కంపెనీని సంప్రదించారు. లివర్‌ని అంగుళం జరిపినా విమానానికి మళ్లీ మొదటి నుంచీ అనుమతులు తెచ్చుకోవాలనీ, దానికి కొన్నేళ్లు పడుతుందనీ, ఖర్చు మాత్రం కూర్చుని వినమనీ వాళ్లు చెప్పారు.

"పైలట్ల అభిప్రాయాలన్నీ అమలు చేస్తామని చైర్మన్ గారు పేపర్ల వాళ్లకి చెప్పేశారు," అన్నారు అనంతశయనం గారు కమిటీతో. "కాబట్టి అమలు చేయక తప్పదు. విమానాన్ని మార్చడం కుదరదు. ఇప్పుడు శాస్త్రీయంగా ఆలోచిద్దాం. లివర్ దూరంగా ఉంది అన్నారు. దూరం అంటే ఏమిటి?"

కమిటీ సభ్యులు కాగితాల మీద 'దూరం' అని రాసుకున్నారు.

"రెండు వస్తువుల మధ్య ఉండేది దూరం. ఒకటి లివర్. రెండోది చెయ్యి. లివర్ కదలదు. ఇక మిగిలింది ఏమిటి?"

కమిటీలో ఒకరు అప్రయత్నంగా తన చేతులు బల్ల కిందికి దాచుకున్నారు.

మర్నాడు కంపెనీకి యూనిఫారాలు కుట్టే మస్తాన్ మాస్టారు టేపు మెళ్లో వేసుకుని పైలట్ల గదికి వచ్చాడు. భుజం నుంచి మధ్యవేలి దాకా, నడుము నుంచి మోకాలి దాకా, కూర్చుంటే కుర్చీ నుంచి కంటి దాకా కొలిచాడు.

"ఇదేం కొలత మాస్టారూ, కంటి దాకా?" అడిగింది నీరజ.

"నాకూ తెలీదమ్మా. కళ్లకి బట్టలు కుట్టమంటారేమో అని భయంగా ఉంది."

"కొంచెం వదులుగా రాయండి," అన్నాడు జలంధర్. "ఇంకా పెరుగుతానేమో."

"నువ్వు పెరిగితే విమానానికి చిల్లు పెట్టాలి నాయనా. చెయ్యెత్తు."

కమిటీ ఆ కొలతలనీ ఫిర్యాదులనీ పక్కపక్కన పెట్టింది. సీటు వెనక్కి జరగడం లేదన్న ఫిర్యాదు రాకూడదంటే కాలు ఎంతుండాలి, లివర్ దూరమన్న ఫిర్యాదు రాకూడదంటే చెయ్యి ఎంతుండాలి, తెర మెరుస్తోందని అనకుండా ఉండాలంటే కన్ను ఎంత ఎత్తులో ఉండాలి అని లెక్కలు కట్టింది. అలా ఏ ఫిర్యాదూ లేని ఒక మనిషి కాగితం మీద తయారయ్యాడు. అతనికి ప్రామాణిక వైమానికుడు అని పేరు పెట్టారు.

ఆ కొలతలకి సరిపోయే పైలట్ కంపెనీలో ఒక్కడు కూడా లేడు.

ఎవరైనా అక్కడ ఆగిపోయేవారు. అనంతశయనం గారు ఆగలేదు. "పైలట్లలో లేడంటే సంస్థలో లేడని కాదు," అన్నారు. "మన దగ్గర ప్రతిభకి కొదవ లేదు. అందర్నీ కొలవండి."

టికెట్ కౌంటర్ వాళ్లని కొలిచారు. లోడర్లని కొలిచారు. లీగల్ విభాగాన్ని వాళ్ల అభ్యంతరాలతో సహా కొలిచారు. చివరికి విమానాల్లోకి ఉప్మాలూ శాండ్‌విచ్‌లూ ఎక్కించే కేటరింగ్ విభాగంలో మాస్టారి టేపు ఆగిపోయింది.

చెయ్యి సరిపోయింది. కాలు సరిపోయింది. కన్ను సరిపోయింది.

ఆయన పేరు బొడ్డు సింహాచలం. డిప్యూటీ మేనేజర్. శ్రీకాకుళం మనిషి.

"ఏటండీ, సఫారీ సూటా?" అని అడిగాడు ఆశగా.

*

సింహాచలాన్ని హ్యాంగర్‌లో ఆపి ఉంచిన విమానంలోకి తీసుకెళ్లి కెప్టెన్ సీట్లో కూర్చోబెట్టారు. చైర్మన్ గారు స్వయంగా వచ్చారు. ఫోటోగ్రాఫర్ వచ్చాడు.

"ఎలా ఉంది కాక్‌పిట్?" అడిగారు అనంతశయనం గారు.

"బాగుందండి."

"లివర్ అందుతోందా?"

"ఏ లివరండీ?"

చూపించారు. అందింది.

"మోకాళ్లు తగులుతున్నాయా? తెర కనపడుతోందా?"

"తగల్లేదండి. అంతా కనపడతందండి. ఏసీ కూడా బాగుంది."

"కుదుపు ఏమైనా ఉందా?"

సింహాచలం ఒక్క క్షణం ఆలోచించాడు. విమానం చక్రాల కింద దిమ్మలు పెట్టి ఉన్నాయి.

"ఏం లేదండి. అసలు కదిలినట్టే లేదు."

చైర్మన్ గారి కళ్లు చెమర్చాయి. కోట్లు పోసి కొన్న విమానం గురించి ఇంత మంచి మాట ఆయన వినడం అదే మొదటిసారి. ఆ సాయంత్రమే రెండో సర్క్యులర్ బోర్డెక్కింది.

"ప్రామాణిక వైమానికుని అభిప్రాయమే ఇకపై సంస్థ అభిప్రాయము. దానిని తక్షణము అమలుపరచవలెను. ఆయన పరిశీలన మేరకు కాక్‌పిట్ అమరిక లోపరహితము. ల్యాండింగ్ కుదుపురహితము. కుదుపుతో కూడిన ల్యాండింగ్ సంస్థ అభిప్రాయమును ధిక్కరించుటగా పరిగణింపబడును. మల్లంపూడి విమానాశ్రయ ప్రారంభ ప్రయాణము మొదలుకొని పైలట్ సీట్లు ప్రామాణిక వైమానికుడు కూర్చున్న స్థితిలో బిగించి సీలు వేయబడును. ప్రతి ప్రయాణమునకు ముందు ఆయన అభిప్రాయము తీసుకొననిదే విమానము కదలరాదు."

నీరజ ఆ కాగితాన్ని బోర్డు నుంచి ఊడబెరికి నేరుగా అనంతశయనం గారి గదికి వెళ్లింది. జలంధర్ ఆమె వెనకే పరిగెత్తి, గుమ్మం పైభాగానికి తల కొట్టుకుని, బయటే ఆగిపోయాడు.

"సీటుకి సీలు ఏమిటి సార్?"

"కూర్చోండి కెప్టెన్."

"కూర్చునే దాని గురించే మాట్లాడుతున్నాను. కాక్‌పిట్‌లో అద్దాల మధ్య కమ్మీ మీద బఠాణీ గింజలంత బంతులు మూడుంటాయి. మేం సీటుని ముందుకీ పైకీ జరుపుకుంటూ, ఒక బంతి ఇంకో బంతిని సరిగ్గా కప్పేదాకా సర్దుకోవాలి. అప్పుడే కళ్లు ఉండాల్సిన చోట ఉన్నట్టు. అది చూడకుండా విమానం దింపితే రన్‌వే ఎంత కింద ఉందో అంచనా దొరకదు. సీటు కదిలేలా చేసిందే అందుకు."

"సీటు కదిలేలా ఉండవలెనని నిబంధన ఉంది. నేను కాదనను," అన్నారు అనంతశయనం గారు. "కదిలించవలెనని లేదు."

"సింహాచలం గారి ఎత్తులో కూర్చుంటే నాకు ఆకాశం తప్ప ఏమీ కనపడదు."

"మీరు నడిపేది ఆకాశంలోనే కదా."

నీరజ పదమూడేళ్లుగా విమానాలు నడుపుతోంది. ఉరుములు చూసింది, ఇంజన్ ఆగిపోవడం చూసింది. ఇలాంటిది చూడలేదు.

"సీలు వేసిన సీట్లో నేను నడపను," అంది.

"మల్లంపూడి ప్రయాణం మీదే. మహిళా కెప్టెన్ ఫోటో కావాలని చైర్మన్ గారు అడిగారు." ఆయన సొరుగులోంచి కవరు తీశారు. "ఇది మీకు నోటీసు. ఆ రోజు నడపకపోయినా, కుదుపుతో దింపినా, మీ కెప్టెన్ హోదా రద్దవుతుంది. దారి తప్పిన లగేజీ విభాగంలో మీకు స్థానం సిద్ధంగా ఉంచాం. అక్కడ కుర్చీ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది."

*

మల్లంపూడి ప్రయాణం రోజు హైదరాబాద్‌లో పొద్దుటి నుంచీ వాన. మొదటి ప్రయాణం కాబట్టి విమానం నిండా ఆహ్వానితులు. ముందు వరసలో చైర్మన్ గారు, పక్కన అనంతశయనం గారు. కాక్‌పిట్‌లో రెండు సీట్లకీ ఎర్రటి సీలు.

నీరజ కెప్టెన్ సీట్లో కూర్చుంది. ఆమె కళ్లకి ఎదురుగా మీటర్ల మీది గట్టు, దాని పైన మబ్బు. కుడి పక్కన జలంధర్ మోకాళ్ల మధ్య స్టీరింగ్ ఇరుక్కుంది. తిప్పాలంటే ముందు మోకాళ్లని అడగాలి.

ఆమె విమానం బ్రేకు బిగించి, వెనక క్యాబిన్‌కి ఫోన్ చేసి, అనంతశయనం గారిని లోపలికి రమ్మంది.

"నాకు రన్‌వే కనపడటం లేదు సార్. విమానం కదపను. లగేజీ విభాగం తాళాలు ఇప్పించండి."

అనంతశయనం గారు ఇలాంటి పరిస్థితికి సిద్ధపడే వచ్చారు. తలుపు వైపు తిరిగి, "సింహాచలం గారూ, ఇలా రండి," అన్నారు.

ఉప్మాలు ఎక్కించి దిగిపోదామని వెనక తలుపు దగ్గర నిలబడ్డ సింహాచలం వచ్చాడు. నీరజ లేచి చోటిచ్చింది. ఆయన కూర్చున్నాడు.

"రన్‌వే కనపడుతోందా?"

"శుభ్రంగా కనపడతందండి."

"విన్నారుగా కెప్టెన్. రన్‌వే కనపడుతోంది. ఇది సంస్థ అభిప్రాయం."

"అయితే సంస్థనే నడపమనండి," అంది నీరజ.

ఆ మాట ఆమె విసుగుతో అంది. అనంతశయనం గారు దాన్ని ప్రతిపాదనగా తీసుకున్నారు. గడ్డం నిమురుకున్నారు. "లైసెన్సు ఒక్కటే అడ్డంకి," అన్నారు నెమ్మదిగా. "కొలతల పరంగా చూస్తే..."

సింహాచలం చేతులు రెండూ ఒళ్లోకి లాక్కున్నాడు.

"నేనా? బాబూ, నేనెప్పుడూ విమానంలో ఎగరలేదండి. ఉప్మాలెట్టి దిగిపోతానంతే. మా ఊరు వెళ్లాలన్నా రైలేనండి."

"మీరు నడపనక్కర్లేదు. ఈ రోజుకి వెనక ఉన్న పరిశీలకుడి సీట్లో కూర్చుంటే చాలు. కెప్టెన్‌కి కనపడనివి మీరు చూసి చెబుతారు."

"మేడమ్‌కి నిజంగానే రన్‌వే అవుపడదా?"

"అవుపడదు," అంది నీరజ.

"మరి దింపినప్పుడో?"

"దింపినప్పుడు కూడా."

సింహాచలం లేచి నిలబడ్డాడు. ఉద్యోగంలో చేరాక ఒక పై అధికారి ముందు గొంతు పెంచడం ఆయనకి అదే మొదలు.

"సార్, నా అభిప్రాయం మారిందండి."

"ఏమిటి?"

"సీటు బాలేదండి. మేడమ్‌కి ఎలా కావాలో అలా జరుపుకోనివ్వాలండి. ఆ బాబుకి కూడా. ఇదే సంస్థ అభిప్రాయమండి. తక్షణం అమలు చెయ్యాలని మీరే రాశారు."

అనంతశయనం గారు సర్క్యులర్ తీసి చదువుకున్నారు. ఎక్కడా సందు దొరకలేదు. తన రాతకి తానే మెచ్చుకోలుగా తలాడించి, ఇంజనీరుని పిలిచి సీళ్లు కోయించారు.

"కానీ కెప్టెన్," అన్నారు వెళ్తూ. "కుదుపు విషయంలో సంస్థ అభిప్రాయం ఏమీ మారలేదు. నోటీసు నోటీసే."

తలుపు మూసుకుంది. సింహాచలం దిగిపోదామని చూశాడు. పరిశీలకుడి బెల్టు జలంధర్ అప్పటికే ఆయన నడుముకి బిగించేశాడు.

*

మల్లంపూడి రన్‌వే పొట్టిది. ఈ చివర కొబ్బరి తోట, ఆ చివర నీళ్లు. మబ్బు విడి ఆ రన్‌వే కనపడేసరికి దాని మీద వాన నీరు అద్దంలా మెరుస్తోంది.

"ఆ చివర చెరువులేటి బాబూ?" బెల్టు గట్టిగా పట్టుకుని అడిగాడు సింహాచలం.

"రొయ్యలవి," అన్నాడు జలంధర్.

"ఎవరివి?"

"మనం ఆగకపోతే మనవే."

"జలంధర్," అంది నీరజ.

"సారీ మేడమ్."

ఆమె మనసులో రెండు దారులు స్పష్టంగా ఉన్నాయి. బతిమాలి మెత్తగా దింపొచ్చు. విమానం మొహమాటపడుతూ సగం రన్‌వే దాకా తేలుతుంది, నీటి మీద జారుతుంది, ఏమో, అదృష్టం బాగుంటే ఆగుతుంది. చైర్మన్ గారికి కుదుపు తెలియదు, కెప్టెన్ హోదా ఉంటుంది. లేదా భుజం పట్టుకుని కూర్చోబెట్టాలి. హోదా పోతుంది. వెనకాల ఇంతమంది ఉన్నారు.

కొబ్బరి చెట్లు కిందికి జారిపోయాయి. రన్‌వే మొదలు రెక్కల కిందికి వచ్చింది. విమానం ముక్కు కొంచెం ఎత్తగానే అది అలవాటు ప్రకారం తేలబోయింది. నీరజ దానికి ఆ అవకాశం ఇవ్వలేదు.

దభీమని కూర్చుంది.

సామాన్ల అరల్లో ఒకటి తెరుచుకుంది. ఎవరో దేవుడి పేరు సగం అన్నారు. చక్రాలు నీటిని చీల్చి నేలని పట్టుకున్నాయి, బ్రేకులు పట్టుకున్నాయి, చెరువులు పెద్దవవుతూ పెద్దవవుతూ వచ్చి, అక్కడే ఆగాయి. వాటి గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ కాపలా మనిషి విమానం వంక చూసి, మళ్లీ రొయ్యల వంక చూసుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. అనంతశయనం గారి కళ్లజోడు ఒక చెవికే వేలాడుతోంది. ఆయన వెనక చైర్మన్ గారు నిలబడ్డారు.

"కుదుపు," అన్నారు అనంతశయనం గారు. "సంస్థ అభిప్రాయానికి విరుద్ధంగా, స్పష్టమైన కుదుపు. సింహాచలం గారూ, మీరు సాక్షి. నమోదు చేయండి."

సింహాచలం ఒక కన్ను తెరిచాడు. "ఆగిందాండీ?"

"ఆగింది."

రెండో కన్ను తెరిచాడు. ఎదురుగా, కాస్త దూరంలో, చెరువు.

"కుదుపు ఉందండి," అన్నాడు. "ఉండాలండి. ఇంకాస్త ఉన్నా నాకేం పర్లేదండి. ఇదే సంస్థ అభిప్రాయం, తక్షణం అమలు చేసుకోండి." బెల్టు విప్పుకుని, అందరికీ ఒకే నమస్కారం పెట్టి, మెట్లు దిగి వానలోకి నడిచాడు.

"ఎక్కడికి? తిరుగు ప్రయాణం ఉంది," అన్నారు అనంతశయనం గారు.

"బస్సు కూడా ఉందండి," అని వానలోంచి వినపడింది.

అరగంటలో అసలు సమస్య తేలింది. ప్రామాణిక వైమానికుడి అభిప్రాయం లేనిదే విమానం కదలరాదు. ప్రామాణిక వైమానికుడు హైదరాబాద్ బస్సులో కిటికీ పక్క సీటులో ఉన్నాడు. ఫోన్ చేస్తే, బస్సు సీటు చాలా బాగుందనీ, తనకి ఈ పదవి వద్దనీ, కావాలంటే రాజీనామా ఉప్మా ట్రేలో పెట్టి పంపిస్తాననీ చెప్పి పెట్టేశాడు.

చైర్మన్ గారు విమానం మెట్ల మీద గొడుగు కింద నిలబడి చాలాసేపు చెరువుని చూశారు. అనంతశయనం గారు ఆయన వెనకే ఉన్నారు.

"కొత్తగా ఇంకొకరిని కొలవాలంటే మాస్టారిని ఇక్కడికి రప్పించాలి సార్. రెండు రోజులు పడుతుంది. ఈలోగా ఈ ఊళ్లో లాడ్జి..."

చైర్మన్ గారు ఆయన మాట పూర్తికానివ్వలేదు. కాక్‌పిట్ కిటికీ వైపు తిరిగారు. వాన నీటి అవతల నీరజ తెర మీద ఏదో చూసుకుంటోంది.

"కెప్టెన్," అన్నారు. "మీరేమంటారు?"

ఇన్ని సర్క్యులర్ల తర్వాత ఆ ప్రశ్న అడిగి, జవాబు కోసం నిలబడిన మొదటి మనిషి ఆయనే.

నీరజ కిటికీ తెరిచింది. "మబ్బు కదులుతోంది సార్. కాసేపట్లో వాన తగ్గుతుంది. సీటు నాకు సరిపోయింది. తగ్గగానే బయల్దేరొచ్చు."

"అయితే బయల్దేరుదాం."

"నా మీద నోటీసు?"

చైర్మన్ గారు అనంతశయనం గారిని చూశారు. అనంతశయనం గారు కళ్లజోడు సరిచేసుకున్నారు. "కుదుపు ఉండరాదన్న అభిప్రాయం ఆధారంగా ఇచ్చిన నోటీసు సార్. కుదుపు ఉండాలని అభిప్రాయం మారింది. మళ్లీ మార్చుకోమందామంటే పదవి ఖాళీ అయింది. సాంకేతికంగా నోటీసుకి నిలబడడానికి కాళ్లు లేవు."

"ఆ పదవి కూడా తీసేయండి."

"కమిటీ సార్?"

"అదీ."

"దీన్ని మినిట్స్‌లో ఎలా రాయమంటారు?"

"రాయకండి."

వాన తగ్గింది. ఆహ్వానితులు ఎక్కారు. అందరికన్నా ఆఖరున ఎక్కిన అనంతశయనం గారు తన సీటు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చి, కాక్‌పిట్ తలుపు సందులోంచి తల పెట్టారు. గొంతులో ఇదివరకెన్నడూ లేని మెత్తదనం వచ్చింది.

"కెప్టెన్ గారూ, హైదరాబాద్‌లో మాత్రం కొంచెం మెల్లగా దింపితే బాగుంటుందని నా అభిప్రాయం."

నీరజ మీటర్ల మీంచి కళ్లు తిప్పలేదు.

"నిర్భయంగా రాసివ్వండి సార్," అంది. "పరిశీలిస్తాం."

జలంధర్ తలుపు మూశాడు.